కుచ్చిళ్లలో ఇమిడే పిస్తోలు

పోయిన వారం శ్యామసుందరిని గిరావీన్‌లో, ఆమె కుట్టుమిషను ముందు, అట్టముక్క మీద కత్తెర ఆనించినచోట వదిలి వచ్చాం. మనం వచ్చేశామని కత్తెర ఆగలేదు. ఆ అట్టముక్క ఇప్పుడు పిస్తోలైంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. శ్యామసుందరి జాకెట్లు కుడుతుంది. సిడ్నీలో పడమటి వైపు ఏ తెలుగు పెళ్లికి వెళ్లినా, వరసగా నిలబడ్డ ఆడవాళ్లలో సగంమంది భుజాలు ఆమె టేపు కింద నుంచి వచ్చినవే. భర్త పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు సాహిత్య, రెండు నెలల కిందట చేతిసంచి ఒక్కటి పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మొగుడు భార్గవ్ చెయ్యి చేసుకునే రకం కాదు, తాళాలు వేసే రకం. స్కోఫీల్డ్స్‌లో వాళ్ల కొత్త ఇంటికి ఎన్ని తలుపులో అన్ని తాళాలు, అన్నిటి చెవులూ అతని జేబులోనే. సాహిత్య వచ్చేసిన మర్నాటి నుంచి ఎదురింటి ముందు ఒక తెల్ల యూట్, వెనక సామాను తొట్టి ఉండే బండి, ఆగి ఉంటోంది. అందులో భార్గవ్ కూర్చుని ఇంటివైపు చూస్తుంటాడు. దిగడు, పలకరించడు. పోలీసులకి చెబుదామంటే సాహిత్య ఒప్పుకోదు, అతని ఉద్యోగం పోతుందట. తనని తాళంవేసి పెట్టినవాడి ఉద్యోగం మీద ఆ పిల్లకి ఇంకా బెంగ.

అందుకని తల్లి ఒక నిర్ణయానికి వచ్చింది. చీరలో దాచుకునే పిస్తోలు ఒకటి కొనాలి.

ఈ విద్యలో ఆమె గురువు యూట్యూబులో ఒక గడ్డం అమెరికావాడు. ఆయన ఉవాచ ఏమిటంటే, గుళ్లు రెండు వరసల్లో పేర్చే పిస్తోళ్లు లావుగా ఉంటాయి, ఒకే వరసలో పేర్చేవి సన్నగా ఉంటాయి. సన్నవాటిలో ఏడో ఎనిమిదో గుళ్లే పడతాయి, కానీ బట్టల కింద ఉన్నట్టే తెలియదు. ఆ మాట చెవిన పడగానే ఇది తుపాకుల సంగతి కాదు, లైనింగు సంగతి అని శ్యామసుందరికి అర్థమైపోయింది. లైనింగు సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గడ్డంవాడు చెప్పిన కొలతలకి అట్ట కత్తిరించి, పొరలు అంటించి, అంగుళం మందానికి తెచ్చి, నల్లరంగు వేసింది. దాన్ని మూడు చోట్ల పెట్టి అద్దంలో చూసుకుంది. నడుముకి పక్కన పెడితే వంగినప్పుడు పొడుచుకొస్తోంది. చంక కింద జాకెట్టులో పెడితే చెయ్యి ఎత్తలేకపోతోంది. బొడ్డు దగ్గర కుచ్చిళ్ల వెనక, లోపావడాకి చిన్న సంచి కుట్టి అందులో దోపితే మాత్రం దేవుడిక్కూడా కనపడదు. తీయడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకుంది. కుచ్చిళ్లు ఊడకుండా అయితే పదకొండు సెకన్లు.

శనివారం మధ్యాహ్నం ఆ అట్ట పిస్తోలుని, క్లబ్బు దరఖాస్తు కాయితాలనీ సంచిలో పెట్టుకుని కారు తీసింది. కురాజాంగ్ కొండల దిగువన ఉన్న పిస్తోలు క్లబ్బుకి. పక్కసీట్లో హనుమయ్య. ఆమె భర్తకి అన్నగారు, డెబ్భై నాలుగేళ్లవాడు, తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటి పెరట్లో రెండు గదుల్లో ఉంటున్నాడు. పల్నాడులో ఒకప్పుడు ఆయనకి లైసెన్సు రివాల్వరు ఉండేది కాబట్టి ఈ పనిలో పెద్దదిక్కు ఆయనే.

"గుర్తుంచుకో శ్యామసుందరీ, దరఖాస్తులో ఉంది కిటుకంతా," అన్నాడు, దారి పొడుగునా. "మా రోజుల్లో ప్రాణభయం ఉందని రాయాలి. ఎంతమంది మనల్ని చంపాలనుకుంటే అంత తొందరగా లైసెన్సు. నాకు చూస్తే ఒక్క శత్రువూ లేడు. ఏం చేస్తాను, పక్క ఊరి నుంచి ఇద్దర్ని అరువు తెచ్చుకున్నా. పెద్ద మీసాలవాళ్లు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు విచారణకి వచ్చిన రోజు మా ఇంటి ముందు నిలబడి, నన్ను చంపుతామని అరిచిపోయారు. పాపం, గొంతులు పోయాయి. తర్వాత కోడి కోసి అన్నం పెట్టి పంపా."

"మీకు అరువు శత్రువులు బావగారూ. నాకు సొంతవాడే ఉన్నాడు."

"అందుకే నీకు నాకంటే ముందొస్తుంది."

శ్యామసుందరి ఆ సలహా ముందే పాటించేసింది. కారణం అన్న గడిలో, అల్లుడి నుంచి ఆత్మరక్షణ కోసమని, పూర్తి పేరుతో సహా రాసి ఉంచింది.

క్లబ్బంటే పెద్ద రేకుల షెడ్డు, దాని ముందు మూడు బల్లలు, మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి ఒకటి, లెక్కలేనన్ని ఈగలు. షెడ్డు వెనక మట్టిగట్టు వైపు నుంచి పేలుళ్లు ఆగి ఆగి వినిపిస్తున్నాయి. బార్బీ దగ్గర సాసేజీలు తిప్పుతున్న పిల్ల పేరు సృజన. సూర్యాపేట నుంచి చదువుకోవడానికి వచ్చి రెండేళ్లు శ్యామసుందరి ఇంట్లో వెనకగది అద్దెకి ఉంది. చదివిన చదువుకీ చేస్తున్న పనికీ పొంతన లేదు. బ్యాంకుల డబ్బు మోసే బండికి సాయుధ కాపలా. శనివారాలు ఈ క్లబ్బులో కొత్తవాళ్లకి నేర్పుతుంది. శ్యామసుందరి ఎరిగినవాళ్లలో తుపాకీ తెలిసిన మనిషి ఆస్ట్రేలియా మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే.

శ్యామసుందరి కుశలప్రశ్నలు కూడా అడక్కుండా అట్ట పిస్తోలు తీసి బల్లమీద పెట్టింది.

"ఈ సైజు కావాలమ్మా. ఇంతకంటే మందం వద్దు. ఇందులో ఏ కంపెనీది మంచిదో చెప్పు."

సృజన సాసేజీల పట్టకారు పట్టుకునే దగ్గరికి వచ్చింది. "ఏంది ఆంటీ ఇది. నల్లరంగు గూడ ఏసిన్రా."

"తెల్లగా ఉంటే చీర కింద కనపడుతుందిగా."

"బొమ్మది పట్టుకున్నా ఇక్కడ కేసే. ఇగో, ఎవరన్న చూస్తే మీకూ నాకూ మీటింగ్ పెడ్తరు." అట్ట పిస్తోలుని పట్టకారుతో ఎత్తి, తీసుకెళ్లి సాసేజీల కింద బొగ్గుల్లో పెట్టింది. మూడు రోజుల పనితనం మూడు నిమిషాల్లో కాలిపోయింది. శ్యామసుందరి చూస్తూ కూర్చుంది. కొలతలు ఎలాగూ బుర్రలో ఉన్నాయి.

సృజన చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "ఆంటీ, సీరియస్‌గా చెప్తున్న. మీరు అనుకునే ఆ సన్నటిది, పొట్టిది, ఇక్కడ మనలాంటోళ్లకు రాదు. గొట్టం నూట ఇరవై మిల్లీమీటర్లకు తక్కువుంటే అడగనే అడగొద్దు."

"అంటే నాలుగు ముప్పావు అంగుళాలు," అంది శ్యామసుందరి వెంటనే. "పొట్టిచేతి జాకెట్టుకి చెయ్యంత. కుచ్చిళ్లలో పట్టదు. సరే, నడుముకే పెట్టుకుంటా."

"పెట్టుకోనియ్యరు. అది క్లబ్బుకి రావాలె, క్లబ్బు నుంచి ఇంటికి పోవాలె, ఇంట్ల నేలకు బోల్టులేసిన ఇనుప పెట్టెల తాళమేసి ఉండాలె, అంతే. ఒంటిమీద దాచుకుని రోడ్డుమీదకి పోతే జైలే."

"నువ్వు కట్టుకు తిరుగుతున్నావుగా."

"డ్యూటీల తిరుగుత. అది కంపెనీది. డ్యూటీ దిగంగనే అక్కడ అప్పజెప్పి వస్త. నా ఇంట్ల ఉన్న ఆయుధం కూరగాయల కత్తి ఒక్కటే." దరఖాస్తు తీసి తిప్పుతూ ఆగింది. "కారణం దగ్గర ఇదేంది. సెల్ఫ్ డిఫెన్స్ ఫ్రమ్ సన్-ఇన్-లా."

"నిజమే రాశా."

"ఆ ఒక్క ముక్కతోనే తీసి అవతల పడేస్తరు. ప్రాణరక్షణ అనేది ఇక్కడ కారణమే కాదు ఆంటీ. ఆట ఆడతా అంటే ఇస్తరు, భయమైతుంది అంటే ఇయ్యరు."

హనుమయ్య ఇంతసేపూ సాసేజీ వైపు అనుమానంగా చూస్తున్నవాడు తల తిప్పాడు. "అదేం న్యాయం. భయం ఉన్నవాడికి కాక భయం లేనివాడికా తుపాకీ."

"భయపడ్డోని చేతిల తుపాకీ ఎట్లుంటదో నా డ్యూటీల చూసిన అంకుల్."

శ్యామసుందరి సంచిలోంచి పెన్ను తీసింది. "అయితే కొట్టేసి ఆటకని రాస్తా. దాందేముంది."

"రాయండ్రి. నేను మాత్రం ఇంక మీ కాయితం ముట్ట. ఆటకు కాదని విన్న గదా." సృజన గొంతు పెంచలేదు. "సాహిత్యతోని పోలీస్ స్టేషన్‌కి పోండ్రి. కోర్టు నుంచి ఏవీఓ అని రక్షణ ఆర్డరు తెచ్చుకోండ్రి. అది పడితే ఆయన దగ్గరికి రాకూడదు. ఆయనకి తుపాకీ లైసెన్స్ ఏదన్న ఉంటే అది గూడ ఆగిపోతది."

"వాడికెక్కడిది తుపాకీ. బొద్దింకని చూసి బల్లెక్కుతాడు. సాహిత్య ఒప్పుకోదమ్మా. ఒప్పుకుంటే నేను ఇంతదూరం ఎందుకొస్తాను." కాయితాలు దగ్గరికి లాక్కుంది. "ఈ క్లబ్బు కాకపోతే ఇంకోటి. బావగారూ, నాకు ఇద్దరు తెలిసినవాళ్లు మంచిదాన్నని సంతకం పెట్టాలట, రెండేళ్లకి పైగా ఎరిగినవాళ్లు. ఒకటి మీరు పెట్టేయండి."

హనుమయ్య జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. పెన్ను అందుకున్నాడు. కాయితం పైన మూలన క్లబ్బు ముద్ర, నలుపు తెలుపు మ్యాగ్‌పై పిట్ట, దాని చుట్టూ గుండ్రాలు. పెన్ను ఆ ముద్ర దగ్గర ఆగింది.

"ఈ పిట్టని నేనెరుగుదును," అన్నాడు.

ఇంకో కథ మొదలైందనుకుని శ్యామసుందరి వాచీ చూసుకుంది. ఈయన ఎరగని పిట్ట లేదు. పల్నాడులో ఒక కౌజుపిట్ట ఈయనకి ఎక్కాలు అప్పజెప్పేది.

"కాదమ్మా. ఈ కాయితమే. పోయిన ఉగాది నాడు, మన ఇంట్లోనే, పచ్చడి తిని కూర్చున్నప్పుడు. భార్గవ్ తెచ్చి పెట్టాడు. 'ఏదో క్లబ్బు మెంబర్‌షిప్ మావయ్యగారూ, ఇక్కడొక సంతకం' అన్నాడు. పిట్ట బొమ్మ చూసి క్రికెట్ జట్టేమో అనుకున్నా."

"చదవలేదా."

"అల్లుడు తెచ్చిన కాయితం అతని ముందే కళ్లజోడు పెట్టుకుని చదువుతానా. ఏం బాగుంటుంది. నమ్మకం లేదనుకోడూ. ఇంటి అల్లుడు కాయితం పెడితే ఏ పెద్దవాడైనా సంతకమే పెడతాడు."

నిజమే. ఆ పూట ఆ గదిలో పెద్దవాళ్లు ఇంకా నలుగురున్నారు. ఎవరి ముందు పెట్టినా పెట్టేవారు. మంచి కలం ఉందా బాబూ అని మాత్రం అడిగేవారు.

శ్యామసుందరి సృజన వైపు తిరిగింది. "ఇక్కడికి వస్తాడా వాడు."

"మెంబర్ల పేర్లు బయట చెప్పొద్దు ఆంటీ. రూల్." అంది సృజన. పట్టకారు అటునుంచి ఇటు మార్చింది. "నేను శనివారాలే వస్త. బుధవారం బ్యాచ్‌ల ఎవరెవరో నాకు తెల్వదు. తెల్వదు గానీ..." ఆగింది. "ఉగాది అంటే ఎనిమిది నెలలు. కోర్సు, లైసెన్సు, పర్మిట్, అన్నీ అయ్యేంత టైమే."

ఎనిమిది నెలల కిందట సాహిత్య ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. ఆ లెక్క బల్ల చుట్టూ ముగ్గురికీ తెలిసింది.

"ఆ సంతకం వెనక్కి వస్తుందా," అని అడిగాడు హనుమయ్య.

"రాసియ్యండ్రి. నేను మంచోడని చెప్పిన, ఇప్పుడు అట్ల చెప్పలేను, ఎందుకంటే ఇదీ సంగతి అని. అది సెక్రటరీకి ఇస్తే ఆమె చూసి తీరాలె, పోలీసుల తుపాకీ రిజిస్ట్రీకి పంపి తీరాలె. సెక్రటరీ లోపలనే ఉంది. తెలుగులనే రాయండ్రి, ఇంగ్లీషు చేపిద్దాం."

హనుమయ్య దరఖాస్తు వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. ఊరిబడిలో పలక మీద దిద్దిన అక్షరాలు, ఒక్కోటి బఠాణీగింజంత. మామూలుగా ఒక పిల్లి గోడ దూకిన సంగతి చెప్పడానికే ఆయనకి గంట పడుతుంది. ఇది మాత్రం ఐదు వాక్యాల్లో అయింది. చదవకుండా సంతకం చేశాను. మా పిల్లని తాళంవేసి ఉంచాడు. రెండు నెలలుగా ఇంటి ముందు కాపు కాస్తున్నాడు. అతను మంచివాడన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అతని చేతికి ఆయుధం ఇవ్వవద్దు.

సంతకం పెట్టబోతుంటే కంకర మీద టైర్ల చప్పుడైంది. తెల్ల యూట్.

భార్గవ్ దిగి, తలుపు మెల్లగా వేసి, చేతిలో రెండు మంచినీళ్ల సీసాలతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. ముఖం మీద పండగకి వచ్చిన అల్లుడి నవ్వు. ఒక సీసా అత్తగారి ముందు, ఒకటి హనుమయ్య ముందు పెట్టాడు.

"ఎండలో ఇంతదూరం వచ్చారేంటి మావయ్యగారూ. బీపీ మాత్ర వేసుకున్నారా. అత్తయ్యగారి కారు ఇటు తిరిగితే, దారి తప్పారేమోనని వెనకాలే వచ్చా." అడక్కుండానే హనుమయ్య పక్కన కూర్చున్నాడు. సృజనకి తల ఊపాడు, ఎరిగున్నవాళ్లకి ఊపినట్టు కాదు, ఎరగనివాళ్లకి ఊపినట్టూ కాదు. "ఏదో రాస్తున్నట్టున్నారు. ఆఫీసు పనులకి తెలుగెందుకు, ఇటివ్వండి, ఇంగ్లీషులో నీట్‌గా నేను రాసిపెడతా."

హనుమయ్య దగ్గర ఇలాంటి వేళకి పనికొచ్చే అబద్ధాలు ఎప్పుడూ ఓ పాతిక సిద్ధంగా ఉంటాయి. మోకాళ్లనొప్పులకి మందు రాసుకుంటున్నానని అనొచ్చు. పల్నాడులో పొలం సంగతి అనొచ్చు. నోరు తెరిచాడు కూడా.

"నీ గురించే బాబూ," అని కాయితం అతని ముందుకి తోశాడు. "చదువుకో."

భార్గవ్ చదివాడు. తెలుగు చదివి చాలాకాలమైనట్టుంది, పెదాలు కదులుతున్నాయి. ఐదు వాక్యాలకి చాలాసేపు పట్టింది. మట్టిగట్టు వైపు ఎవరో ఒకటే వరసన అయిదు పేల్చి ఆపారు. శ్యామసుందరి సీసా మూత తీయలేదు.

"మావయ్యగారూ, ఆ రోజు చదవొద్దని నేను అన్నానా."

"అనలేదు."

"చదవడానికి టైమ్ ఇవ్వలేదా."

"ఇచ్చావు. అల్లుడివి కదా అని నేనే చదవలేదు."

"ఇప్పుడు అల్లుణ్ణి కాదా మరి."

"ఇప్పుడూ అల్లుడివే. అందుకే చాటున పెట్టకుండా నీ ఎదురుగా పెడుతున్నా." హనుమయ్య కాయితం తన వైపు లాక్కుని, కింద కొమ్మినేని హనుమయ్య అని పూర్తిగా రాసి, తేదీ వేసి, సృజన చేతికిచ్చాడు. సృజన దాన్ని పట్టుకుని అక్కడే నిలబడలేదు. నేరుగా షెడ్డులోకి, సెక్రటరీ గదిలోకి వెళ్లింది.

భార్గవ్ ఆమె వెళ్లినవైపు చూశాడు. ఆ నవ్వు ఇంకా ఉంది, కాకపోతే కాస్త చిన్నదైంది.

"పెద్దవాళ్లు, మీ ఇష్టం. కానీ దీనివల్ల ఎవరికి ఉపయోగం మావయ్యగారూ. నాకూ సాహిత్యకీ మధ్య ఏమీ లేదు. మీరే పెద్దది చేస్తున్నారు." లేచాడు, చొక్కా సర్దుకున్నాడు. "వస్తా. ఆలస్యమైతే తను కంగారు పడుతుంది."

"ఎవరు," అంది శ్యామసుందరి.

"సాహిత్య. మీకు చెప్పలేదా అత్తయ్యగారూ. మధ్యాహ్నం మీరిద్దరూ ఇటు బయల్దేరారు, తను స్కోఫీల్డ్స్ బయల్దేరింది. కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను, సరే అంది. కిందటివారం నుంచీ మెసేజ్‌లలో మాట్లాడుకుంటూనే ఉన్నాం."

వంగి హనుమయ్య కాళ్లకి దండం పెట్టాడు. నడక వేగం పెంచకుండానే యూట్ వైపు వెళ్లాడు.

శ్యామసుందరి ఫోన్ తీసి కూతురి పేరు నొక్కింది. నాలుగు రింగులు. ఐదో రింగుకి సాహిత్య ఎత్తింది.

"అమ్మా, ప్లీజ్, కోప్పడకు. నేనే చెప్దామనుకున్నా."

"ఎక్కడున్నావు."

"మా ఇంట్లో. తలుపు తీసే పెట్టాడు. హీ సెడ్ వెయిట్ ఇన్‌సైడ్, వస్తున్నా అన్నాడు. ఇట్స్ ఫైన్ అమ్మా, ఇల్లంతా క్లీన్ చేశాడు, నా మొక్కలకి నీళ్లు కూడా పోశాడు." కాస్సేపు అడుగుల చప్పుడు, ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు. "అమ్మా, బెడ్‌రూమ్‌లో బట్టల అల్మరా తీసేశాడు. దాని ప్లేస్‌లో స్టీల్ బాక్స్ లాంటిది ఏదో ఉంది. నేలకి బోల్టులు వేసి ఉన్నాయి. ఇదేంటి, నేనున్నప్పుడు లేదే."

"దాన్ని ముట్టుకోకు. బయటికి వచ్చేయ్."

"తాళం లేదులే, తలుపు ఓరగా తీసే ఉంది. లోపల ఏం లేదు. ఖాళీ." మళ్లీ అడుగుల చప్పుడు, ఈసారి తొందరగా. "అమ్మా, ముందు తలుపు రావట్లేదు. లోపలివైపు హ్యాండిల్ తీసేశాడు."

షెడ్డు ముందు కంకర చిట్లింది. ఇక్కణ్ణుంచి స్కోఫీల్డ్స్‌కి నలభై నిమిషాలు. శ్యామసుందరి తల ఎత్తేసరికి తెల్ల యూట్ గేటు దాటుతోంది.